గార పట్టిన కాఫీ మిషను, అడగలేని చుట్టరికం

నిజాంపేట వైపు ఉంటున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె చెప్పిన సంగతి ఇది.

ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులోంచి 22 వేలు పెట్టి ఆమె ఒక పాత ఎస్ప్రెస్సో మిషను కొన్నారు. అమ్మింది బయటివాళ్లు కాదు, భర్తగారి అక్క వాళ్లే. వాళ్లు కెనడా వెళ్లిపోతూ సామాను ఖాళీ చేస్తున్నప్పుడు "కొత్తదానిలా చూసుకున్నాం" అని అన్నయ్యగారు, అంటే ఆ వదిన భర్త, స్వయంగా తెచ్చి ఇచ్చారు. రెండు నెలలు అటక మీద ఉంచి తర్వాత వాడటం మొదలుపెట్టారు. రెండు వారాలు బాగానే వచ్చింది. ఆ తర్వాత కాఫీ బొట్టు బొట్టుగా కారడం, మాడు వాసన, ఆవిరి గొట్టంలోంచి ఆవిరికి బదులు తుప్పర్లు, కప్పు అడుగున రవ్వలాంటి తెల్లటి రేణువులు. ఎవరో చెబితే అర లీటరు వెనిగర్ ట్యాంకులో పోసి రాత్రంతా వదిలేశారు. తెల్లారేసరికి ధార ఇంకా సన్నబడింది, వంటిల్లంతా పులుపు వాసన. మెకానిక్ బాయిలర్ విప్పాలి, 4 వేలవుతుంది, గ్యారంటీ లేదన్నాడు. భర్తగారేమో "పాత సామానుకి వేసెయ్, అక్కవాళ్లతో మాత్రం ఈ మాట అనకు" అంటున్నారు. ప్రతి ఆదివారం కెనడా నుంచి ఫోను వస్తుంది. "మిషను ఎలా ఉందమ్మా?" అని ఆయన అడుగుతారు. "బాగుంది అన్నయ్యా" అని ఈవిడ చెబుతారు.

ఆమె ప్రశ్నలు: వెనిగర్ పోసి నేనే పాడుచేశానా? ఆయనకు తెలిసే అంటగట్టారా? డబ్బు వెనక్కి అడగొచ్చా? ఆ తెల్ల రేణువులు ఒంట్లోకి వెళితే ప్రమాదమా? చివర్లో ఒక వాక్యం రాశారు, అది నా మనసులో ఉండిపోయింది: "నా ట్యూషను డబ్బులు కాబట్టి పోయినా ఎవరికీ పట్టదు."

అమ్మా, ముందుగా ప్లగ్గు తీసేయండి. ఈ జవాబు చదివేదాకా మళ్లీ పెట్టకండి. మీరు దాన్ని పాడుచేయలేదు. మీరు రాసిన లక్షణాలన్నీ వెనిగర్ పోయకముందే ఉన్నాయి. ఆ రాత్రి జరిగింది ఇదయి ఉంటుంది: బాయిలర్ గోడకి అంటుకుని ఉన్న గార కొంత వదులై, పెచ్చులుగా ఊడి, నీళ్లతోపాటు వచ్చి సన్నటి దారుల్లో ఇరుక్కుంది. అందుకే ధార ఇంకా తగ్గింది. వాసన మాత్రం వెనిగర్ది. అది రబ్బరు వాషర్లను పట్టుకుని చాలా రోజులు వదలదు. అందుకే నేను వెనిగర్ వాడమని చెప్పను.

మీ ఉత్తరం చదువుతుంటే రెండు వేర్వేరు మురికులు ఒకటిగా కలిసిపోయి కనిపించాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు విడిపోతుంది.

మొదటిది గార. మీది బోరు నీళ్ల అపార్ట్‌మెంటు, ఎండాకాలం ట్యాంకరు కూడా వస్తుందన్నారు. గీజరు కాయిల్ మీద, కుక్కరు అడుగున, కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకునేదే ఇదీ. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లుగా కరిగి ఉంటాయి. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, మిగిలింది గట్టిపడి గోడకి అతుక్కుంటుంది. ఆ గట్టిపడినది ముఖ్యంగా కాల్షియం కార్బనేటు, సున్నపురాయిలో ఉండేది కూడా అదే. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే నీటి వసతి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మనిషి తాగడానికి 600 కూడా ఫరవాలేదనుకున్నా, అరచేతిలో పట్టే చిన్న బాయిలర్‌కి అది చాలా ఎక్కువ.

రెండోది కాఫీ నూనె. మన ఫిల్టర్లో డికాక్షన్ తన బరువుకి తాను దిగుతుంది. ఎస్ప్రెస్సోలో అలా కాదు, వాతావరణ పీడనానికి సుమారు 9 రెట్ల ఒత్తిడితో నీళ్లు పొడిలోంచి దూసుకెళ్తాయి. 1940ల చివర్లో ఇటలీలోని మిలాన్‌లో అకిల్లే గాజ్జా అనే ఆయన చేతిపిడి లాగి ఒత్తిడి పెట్టే మిషన్లు తెచ్చినప్పటి నుంచి కప్పు మీద గోధుమరంగు నురగ మామూలైంది. ఆ నురగలో గింజ నూనె కూడా ఉంటుంది. కప్పులోకి వచ్చినంత వచ్చాక మిగిలింది మిషను మూతిలో, అంటే పొడి వేసే పిడి బిగించే చోట అంటుకుని, ప్రతిరోజూ మళ్లీ కాలి, నల్లటి జిగురు తారులా తయారవుతుంది. మీరు చెప్పిన మాడు వాసన దీనిది. గార పులుపుకి కరుగుతుంది, నూనె కరగదు. నూనెకి క్షారం కావాలి. మీరు రెండు లీటర్ల వెనిగర్ పోసినా ఆ మాడు వాసన పోయేది కాదు.

ఇక మూడో అనుమానం కూడా నాకుంది. మీరు వాడుతున్నది మామగారు పట్టించి తెచ్చే 70:30 ఫిల్టర్ పొడి అన్నారు కదా. అందులో 30 వంతులు చికోరీ. ఫిల్టర్లో అది డికాక్షన్‌కి చిక్కదనం ఇస్తుంది. ఎస్ప్రెస్సో మిషన్లో ఆ ఒత్తిడికి జిగురుముద్దై నీటిని ఆపేస్తుంది. బొట్టు బొట్టుగా కారడంలో కొంత పాపం దీనిది కావచ్చు. తేల్చుకోవడం తేలిక. పొడి వేసే పిడి తీసేసి, ఉత్త మూతి కింద కొలగ్లాసు పెట్టి పది సెకన్లు నీళ్లు వదలండి. ధార బలంగా పడితే నీళ్ల దారిలో అడ్డు లేనట్టే, తప్పు పొడిది లేదా బాస్కెట్‌ది, అంటే పిడిలో పొడి పట్టే చిల్లుల గిన్నెది. పిడి లేకుండా కూడా సన్నగా వస్తే, మూతి అడుగున ఉండే చిల్లుల బిళ్ల, అంటే జల్లెడ విప్పి మళ్లీ చూడండి. జల్లెడ తీశాక బాగా వస్తే అడ్డు జల్లెడలోనే. అప్పుడు కూడా రాకపోతే గార లోపల ఉంది. మూడుసార్లూ ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో కాగితం మీద రాసుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

జల్లెడ విప్పడానికి భయపడకండి. మిషను పూర్తిగా చల్లారాక, ప్లగ్గు బయట ఉండగా, మూతి కిందకి వంగి చూస్తే మధ్యలో ఒక స్క్రూ కనిపిస్తుంది. సరిపోయే స్క్రూడ్రైవర్‌తో ఎడమవైపు తిప్పండి. రాకపోతే బలవంతం చేయొద్దు, వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అదిమి పెట్టి మళ్లీ ప్రయత్నించండి. జల్లెడ ఊడి చేతిలోకి వచ్చినప్పుడు వెనక్కి తిప్పి చూడండి. కిందివైపు స్టీలు మెరుస్తూనే ఉంటుంది, పైవైపు మాత్రం కాటుకలా నల్లగా పొర. వేలితో రాస్తే జిడ్డు, వాసన చూస్తే చల్లారిన సిగరెట్టు బూడిద. ఇన్నాళ్లూ మీ కాఫీ దాని మీదుగానే దిగింది. ఆ చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్‌ని గోటితో నొక్కండి. కుక్కరు గాస్కెట్‌లా మెత్తగా దిగాలి. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే మార్చాల్సిందే, పెద్ద ఖర్చు కాదు.

జల్లెడనీ, బాస్కెట్‌నీ, పిడి తాలూకు లోహపు భాగాన్నీ వేడినీళ్లలో ఎస్ప్రెస్సో మిషన్ల కోసం అమ్మే క్లీనింగ్ పౌడర్ అర చెంచా కలిపి అరగంట నానబెట్టండి. నీళ్లు చూస్తుండగానే డికాక్షన్ రంగులోకి మారతాయి. పిడిలో నల్లటి పట్టు ఉన్న భాగం మాత్రం నీళ్లలో మునగకూడదు. గిన్నెలు తోమే పొడి, స్టీలు పీచు వద్దు, గీతలు పడితే జిడ్డు ఆ గీతల్లోనే మళ్లీ కూర్చుంటుంది. కాఫీ దిగడం ఆపగానే "ఫుస్సు"మని కింది ట్రేలోకి నీళ్లు చిమ్ముతుందని రాశారు కాబట్టి మీ మిషన్లో మిగిలిన ఒత్తిడిని బయటికి వదిలే మూడు దారుల వాల్వు ఉంది. అంటే చిల్లులు లేని గుడ్డి బాస్కెట్‌లో చిటికెడు ఈ పౌడర్ వేసి, పది సెకన్లు నడిపి పది సెకన్లు ఆపుతూ ఐదుసార్లు చేస్తే వాల్వు దారి కూడా శుభ్రపడుతుంది. తర్వాత ఉత్తనీళ్లతో అదే పని. ఈ వాల్వు లేని మిషన్లకి ఇలా చేయకూడదు. ఇంకో మాట, ఈ పౌడర్ ట్యాంకులో ఎప్పుడూ వేయకండి. అది మూతికే, బాయిలర్‌కి కాదు.

ఇప్పుడు ఆ తెల్ల రేణువుల సంగతి. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే మీరు ఏ దారి పట్టాలో తేల్చేది ఇదే.

మీ బాయిలర్ అల్యూమినియంది అని పుస్తకంలో చూశానన్నారు. కాబట్టి ఆ తెలుపు రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. నీటి గార కావచ్చు, లేదా అల్యూమినియమే తినేసి ఊడిన పొట్టు కావచ్చు. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు కొనండి. నాలుగు చెంచాల వేడినీళ్లలో అర చెంచా కరిగించి, కప్పు అడుగున దొరికిన రెండు మూడు రేణువులు అందులో వేసి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు పైకి లేచి రేణువు చిన్నదైపోతూ ఉంటే అది గార. మీ కుళాయి నీళ్లలో ఉన్న ఉప్పే, గట్టిపడిన రూపంలో. విషం కాదు, ఇన్నాళ్లు తాగారని భయపడక్కర్లేదు. బుడగే లేకుండా రేణువు అలాగే పడి ఉంటే మాత్రం లోహం తినేసి ఉండొచ్చు. అప్పుడు బాయిలర్ విప్పి చూసేదాకా ఆ మిషను కాఫీ ఎవరూ తాగొద్దు.

బుడగలు వచ్చాయనుకోండి. అప్పుడు మీ చేతుల్లో ఉన్న దారి నిమ్మ ఉప్పుతో గార తీయడం. లీటరు నీళ్లకు 20 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు. పొడి పూర్తిగా కరిగాకే ట్యాంకులో పోయండి. నీళ్లు మాత్రం బోరువి వాడకండి, వాటి గారే ఈ పులుపులో కొంత తినేస్తుంది. జల్లెడ, ఆవిరి గొట్టం కొస విప్పేసే ఉంచండి, లేకపోతే ఊడిన పెచ్చులు మళ్లీ అక్కడే ఇరుక్కుంటాయి. మిషను ఆన్ చేసి గోరువెచ్చగా అయ్యాక ఆపేయండి. మరిగే వేడిలో నిమ్మ ఉప్పూ కాల్షియమూ కలిసి కాల్షియం సిట్రేటుగా గట్టిపడి కొత్త అడ్డు తయారవుతుంది, అందుకే వేడి తక్కువగా ఉండాలి. నీళ్లు వదిలేటప్పుడు మాత్రం ఆన్ చేసి, మూతిలోంచి ఒక గ్లాసు, ఆవిరి గొట్టంలోంచి అర గ్లాసు వదిలి, మళ్లీ ఆపేసి పదిహేను నిమిషాలు ఆగండి. మళ్లీ అంతే. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇలా, మొత్తం గంట దాటకుండా. పంపుని ఎప్పుడూ ఒక నిమిషం మించి ఏకధాటిగా నడపొద్దు, ట్యాంకు ఎండిపోనివ్వొద్దు. ఆ తర్వాత మంచినీళ్లు కనీసం రెండు ట్యాంకులు నిండుగా వదలండి. నాలుక మీద పులుపు తగలకూడదు.

వచ్చిన నీళ్లను తెల్లటి గిన్నెలో పట్టండి. పదేళ్ల కిందట నేనూ ఒక పాత మిషను కొని, మీలాగే తొందరపడి నిమ్మ ఉప్పు పోసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి నీళ్లు లేత నీలం రంగులో వచ్చాయి. గార అయిపోయాక పులుపు ఇత్తడి మీద పడి అందులోని రాగిని కరిగించింది. ఆ రంగు కనబడితే వెంటనే ఆపి కడిగేయాలి. అల్యూమినియం అయితే రంగేమీ చూపించకుండానే కరుగుతుంది, అందుకే గడియారం చూసుకోమని చెబుతున్నాను. బాత్రూములు కడిగే యాసిడ్ గానీ, బ్లీచింగ్ గానీ దగ్గరకు రానివ్వకండి. ఆ రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఒకసారి చేసి పదిసెకన్ల కొలత మళ్లీ చూడండి. పెరిగితే రెండు రోజులు ఆగి ఇంకోసారి. ఏళ్ల గార ఒక్క ట్యాంకుతో పోదు. రెండుసార్లు చేసినా కొలత కదలకపోతే, లేదా ఆ "ఫుస్సు" శబ్దం ఆగిపోతే, ఇంట్లో చేయగలిగింది అయిపోయింది.

అప్పుడు మెకానిక్. అతను 4 వేలు అన్నాడు, గ్యారంటీ లేదన్నాడు. బాయిలర్ లోపల చూడకుండా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, దానికి అతన్ని తప్పుపట్టను. కానీ రేటు విడగొట్టి అడగండి: వాల్వు ఒక్కటే విప్పి శుభ్రం చేస్తే ఎంత, బాయిలర్ విప్పితే ఎంత, గాస్కెట్లు విడిగా ఎంత. విప్పాక మీకు చూపించమనండి, ఫోటో తీసుకోండి. గోడ గుంటలు పడి ఉంటే కొత్త బాయిలర్ ధర తెలుసుకున్నాకే ముందుకెళ్లండి. అతికించమనొద్దు. వైరు, ప్లగ్గు కూడా అప్పుడే చూపించండి, ఇలాంటి మిషన్లకు ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టే మేలు.

పాత సామానుకి వేసేయడం కూడా ఒక దారే. దాన్ని తక్కువ చేయను. రోజూ పొద్దున ఐదు మందికి కాఫీ కావాల్సిన ఇంట్లో ఇది అదనపు పని, మామగారి ఫిల్టరు ఎలాగూ ఉంది. కానీ జల్లెడ కూడా విప్పకుండా పారేస్తే 22 వేలకి ఏమైందో మీకు ఎప్పటికీ తెలియదు. అమ్మాలనుకుంటే శుభ్రం చేశాక, గార సంగతి కొనేవాళ్లకు చెప్పి అమ్మండి.

బాగైతే, నీళ్లు మార్చకుండా వాడకండి. బోరు నీళ్లతో అయితే కొన్ని నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు. కాఫీకి కరిగిన లవణాలు లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య ఉంటే రుచిగా ఉంటుందని స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ అనే సంఘం లెక్క. మీ ఆర్వో నీళ్లు అంతకంటే తక్కువ చూపిస్తుంటే రుచి చప్పగా ఉంటుంది గానీ గార పట్టదు. మీరున్న పరిస్థితిలో నేనైతే చప్పదనమే ఎంచుకుంటాను. పొడి చికోరీ లేనిది, ఎస్ప్రెస్సోకి తగ్గట్టు పట్టించింది తీసుకోండి. అరకు గింజలు దొరుకుతాయి, చిక్కమగళూరువీ దొరుకుతాయి. 70:30 పొడి మామగారి ఫిల్టర్‌కే ఉండనివ్వండి. పాలు కాచిన ప్రతిసారీ ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒక్క సెకను ఆవిరి వదలండి.

ఇక అన్నయ్యగారి విషయం.

ఆయనకు తెలిసే ఇచ్చారా? నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. గార ఒక్కరోజులో పట్టదు. రోజూ అదే మిషను వాడేవాళ్లకు ధార కొద్దికొద్దిగా తగ్గడం తెలియదు, కాఫీ కొద్దికొద్దిగా చేదెక్కడం తెలియదు. పైకి తుడిచి మెరిపించి పెట్టుకున్నవాళ్లు "కొత్తదానిలా చూసుకున్నాం" అని నిజంగానే నమ్ముతారు. లోపల నీళ్లుండగా అటక మీద రెండు నెలలు ఉండటం, మీ పొడి, ఆ రాత్రి వెనిగర్, ఇవి కూడా లెక్కలో ఉన్నాయి. ఎవరి వాటా ఎంతని విడదీయడం కష్టం. కాబట్టి మొత్తం డబ్బు వెనక్కి అడిగితే మాట నిలబడటం కష్టమని నా అభిప్రాయం. అడిగితే అది మీకూ ఆయనకూ మధ్య ఉండదు, వదిన మీదుగా అత్తగారి దాకా వెళుతుంది.

ఏమీ అనకుండా ఊరుకోవడమూ ఉంది. మీవారు కోరేది అదే. కానీ ప్రతి ఆదివారం "బాగుంది అన్నయ్యా" అన్న కొద్దీ, రేపు నిజం చెప్పడానికి దారి మూసుకుపోతోంది. ఆరు నెలల తర్వాత చెబితే "అప్పుడెందుకు చెప్పలేదు" అన్నదే మిగులుతుంది. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క మాట మాత్రం ఈ వారం నుంచి మానేయండి.

మధ్యలో ఒక దారి ఉంది. డబ్బు అడగకండి, సమాచారం అడగండి. "అన్నయ్యా, ధార తగ్గింది, శుభ్రం చేస్తున్నాను. మీరు ఏ నీళ్లు పోసేవాళ్లు? గార ఆఖరిసారి ఎప్పుడు తీశారు? గుడ్డి బాస్కెట్ ఎక్కడైనా ఉందా?" అని వాట్సాప్‌లో పెట్టండి. ఇందులో నింద లేదు, దాపరికమూ లేదు. ఆయన పెద్దమనసున్నవారైతే ఖర్చు మాట ఆయనే ఎత్తుతారు. ముభావంగా జవాబిస్తే, అదీ మీకు ఒక సమాధానమే. రేపు బాయిలర్ విప్పాల్సి వచ్చి, ఫోటోలో ఏళ్ల నాటి గార కనబడితే, మెకానిక్ ఖర్చులో సగం అడగడం తప్పేమీ కాదు. అప్పటికి ఈ మొదటి సందేశం ఉంటుంది కాబట్టి అది హఠాత్తుగా వచ్చిన ఫిర్యాదులా ఉండదు.

పంపేముందు మీవారికి చూపించండి. ఆయన భయం అక్కతో డబ్బు గొడవ. ఇందులో డబ్బు మాటే లేదని ఆయనే చదివి చూసుకుంటారు. అదే సమయంలో ఇంకోటి కూడా చెప్పండి, నాకు రాసిన మాటే: అవి మీ ట్యూషను డబ్బులని, అవి పోతే మీకు పడుతుందని. ఆ మాట నాకు రాసి ఆయనకు చెప్పకపోతే ఎలా? పదో ఎక్కం రాని పిల్లల్ని కూర్చోబెట్టి సంపాదించిన డబ్బు అది. "పాత సామానుకి వేసెయ్" అనే ముందు ఆయన ఒక్కసారి ఆలోచిస్తారు.

ఆదివారం ఫోను వచ్చేలోపు జల్లెడ విప్పి చూడండి, పావుగంట పని. రేణువుల పరీక్ష కూడా అప్పుడే చేసి, ఏం కనబడిందో నాకు రాయండి. బుడగలు రాకపోతే మాత్రం నా ఉత్తరం కోసం ఆగొద్దు, మిషను పక్కన పెట్టి మెకానిక్‌కి ఫోను చేయండి.